రిమోట్ రిసీవర్‌కు ఏ సెన్సర్ కొనాలి?

ప్రశ్న: కర్నూలులో డిప్లొమా ఈసీఈ రెండో ఏడాది చదువుతున్నాను. టీవీ రిమోట్‌తో ఫ్యాను ఆన్, ఆఫ్ అయ్యే రిసీవర్ చేస్తున్నాను. షాపులో ఫొటోడయోడ్, ఫొటోట్రాన్సిస్టర్, టీఎస్‌ఓపీ అనే మూడు రకాల కాంతి సెన్సర్లు చూపించారు. ఏది తీసుకోవాలి? నాన్న మాత్రం ఇవన్నీ మానేసి, డిప్లొమా తర్వాత బీటెక్ రెండో ఏడాదిలో చేరే ప్రవేశ పరీక్ష ఈసెట్‌కు చదువుకోమంటున్నారు.

జవాబు: మీ పనికి టీఎస్‌ఓపీ 1738 గానీ 4838 గానీ తీసుకోండి. చాలా టీవీ రిమోట్లు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని సెకనుకు 38 వేల సార్లు వెలిగించి ఆర్పుతూ కోడ్ పంపుతాయి. టీఎస్‌ఓపీలో కాంతిని కరెంటుగా మార్చే ఫొటోడయోడ్‌తో పాటు సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్, ఆ 38 కిలోహెర్ట్జ్‌ను ఏరుకునే ఫిల్టర్ కూడా ఉంటాయి. విడి ఫొటోడయోడ్‌కు ఎండ, బల్బు, రిమోట్ అన్నీ ఒకటే. మన సీమ ఎండకు కిటికీ పక్కన పెడితే ఇక చెప్పక్కర్లేదు. అలాగని అది పనికిరానిది కాదు. ఇన్‌ఫ్రారెడ్ మీద పాట పంపాలంటే ఫొటోడయోడ్ బాగుంటుంది, అక్కడ టీఎస్‌ఓపీ కుదరదు. ఫొటోట్రాన్సిస్టర్ కూడా కాంతిని పసిగడుతుంది గానీ నిదానం, నేల మీద గీత వెంట నడిచే లైన్ ఫాలోవర్ రోబోకు చాలు.

పిన్నుల దగ్గర జాగ్రత్త. బుడిపె మీవైపు ఉంటే 1738లో ఎడమ నుంచి గ్రౌండ్, సప్లై, ఔట్‌పుట్. 4838లో ఔట్‌పుట్, గ్రౌండ్, సప్లై. చూసుకోకుండా గుచ్చితే సెన్సర్ పోవచ్చు. ఇంకొకటి, సిగ్నల్ లేనప్పుడు ఔట్‌పుట్ వోల్టేజీ దాదాపు సప్లై అంత ఉంటుంది, బటన్ నొక్కితే కిందికి పడుతుంది. ఇది తెలియక చాలామంది సెన్సర్ పాడైందనుకుంటారు.

ఇక నాన్నగారి మాట తీసిపారేయకండి. ఈసెట్‌లో 200 మార్కులకు గణితం 50, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 25, మిగిలిన 100 మీ బ్రాంచ్‌వే. గణితం రోజూ చేయాల్సిందే, ప్రాజెక్టును సెలవు రోజులకు పెట్టుకోండి. కానీ మానేయొద్దు. ఎంబెడెడ్ (పరికరాల్లోని చిప్పులను ప్రోగ్రామ్ చేసే) ఉద్యోగాల ఇంటర్వ్యూలో "ఈ పార్టే ఎందుకు వాడావు?" అని అడిగితే, తయారీ కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, అంటే డేటాషీట్ చదివి ఎంచుకున్నవాళ్లే తడబడకుండా చెప్పగలరు. ఏ సెన్సర్ ఎందుకు వద్దనుకున్నారో ఇప్పుడే ఒక పేజీ రాసి పెట్టుకోండి, నాన్నగారికీ చూపించండి.

ఫ్యాను జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు 5 వోల్టుల మీద ఎల్‌ఈడీ వెలిగించి చూడండి. 230 వోల్టుల వైరింగ్‌ను రిలేతో (చిన్న వోల్టేజీతో పనిచేసే స్విచ్), మీ లెక్చరర్ పక్కన ఉన్నప్పుడే చేయండి.