హార్మోనియం వచ్చినవారికి కుంబియా అకార్డియన్ పట్టుబడుతుందా?

కొలంబియా కళాకారుడు యేసన్ లాందేరో తన తాతగారి కుంబియా (కొలంబియా కరీబియన్ తీరపు జానపద నృత్య సంగీతం) బాణీని ఎలా నిలుపుకొస్తున్నారనీ, హార్మోనియం తెలిసినవారు ఆ అకార్డియన్ నేర్చుకోగలరా అనీ అడిగారు. మా నాన్నగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న నేను కొన్నేళ్లుగా మూడు వరుసల బటన్ అకార్డియన్ సాధన చేస్తున్నాను కనుక, రెండో ప్రశ్నతో మొదలుపెడతాను.

తప్పకుండా నేర్చుకోవచ్చు. అయితే వేళ్ల అలవాటు కన్నా తిత్తి అలవాటు మార్చుకోవడమే కష్టం. హార్మోనియంలో ఎడమచెయ్యి గాలి అందిస్తుంది, స్వరం కుడిచేతిది. కొలంబియా కరీబియన్ తీరంలో ఎక్కువగా వాడే, జర్మన్ కంపెనీ హోనర్ వారి అకార్డియన్ పెట్టెలో కుడివైపు 31, ఎడమవైపు 12 బటన్లు ఉంటాయి. కుడివైపున ఒకే బటన్ మీద వేలు ఉంచి తిత్తి మూస్తే ఒక స్వరం, తెరిస్తే వేరొక స్వరం పలుకుతాయి. అందువల్ల తిత్తి దిశ మారిన ప్రతిచోటా స్వరానికి ఒక కొత్త ఊపు వస్తుంది. కుంబియా నడక చాలావరకు ఆ ఊపులోనే ఉందని నా నమ్మకం.

యేసన్ వారసత్వం కూడా అక్కడే కనిపిస్తుంది. ఆయన తాత ఆంద్రెస్ లాందేరోది బొలీవార్ ప్రాంతంలోని శాన్ హసింతో. ఆంద్రెస్ తండ్రి గైతా వాయించేవారు. గైతా అంటే ఒక జాతి జెముడు కాండంతో చేసిన పొడవాటి పిల్లనగ్రోవి. దాని తలను తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి మలిచి, ఊదడానికి బాతు ఈక కాడను అమరుస్తారు. ఐదు రంధ్రాల ఆడ గైతా పాటను నడిపిస్తే, రెండు రంధ్రాల మగ గైతాను ఒక చేత్తో పలికిస్తూ వాద్యకారుడు రెండో చేత్తో మరాకా అనే గింజల గిలకను ఆడిస్తాడు. చిన్న సంగతిని తిప్పి తిప్పి పలికే ఆ గైతా పద్ధతిని ఆంద్రెస్ అకార్డియన్ మీదికి తెచ్చారు. పాశ్చాత్య సంగీతంలో కాస్త విషాదంగా ధ్వనించే మైనర్ స్కేలంటే ఆయనకు మక్కువ. ఆ పాటల్లో నా చెవికి కీరవాణి ఛాయ తగులుతుంది.

1968లో కొలంబియాలోని వయేదుపార్ నగరంలో అకార్డియన్ పోటీల ఉత్సవం మొదలయ్యాక అకార్డియన్ పేరుప్రతిష్ఠలు ఆ ప్రాంతపు జానపద బాణీ అయిన వయెనాతో సంగీతం వైపు మళ్లాయి. ఆంద్రెస్ అక్కడ పలుమార్లు పోటీపడినా కిరీటం దక్కలేదు, కానీ మెక్సికోలో ఆయనను నెత్తిన పెట్టుకున్నారు. 2000లో ఆయన కన్నుమూశారు. అకార్డియన్ అనగానే వయెనాతో గుర్తొచ్చే దేశంలో, మనవడు కుంబియానే పట్టుకుని ఉండటాన్ని నేను ఎంతో గౌరవిస్తాను. తాత పాటలు ఎవరైనా వాయించగలరు. తిత్తిలో ఆ గైతా ఊపిరి నిలపడం మాత్రం పెంపకంతో వచ్చేదని యేసన్ వాయించడం విన్నప్పుడల్లా అనిపిస్తుంది.

కాబట్టి పెట్టె కొనకముందే, 2007లో లాటిన్ గ్రామీ అందుకున్న శాన్ హసింతో గైతా బృందాన్ని కొంతకాలం వినండి. అందులో యామదోర్ అనే చిన్న డోలు దెబ్బ తాళానికి ఎదురుగా, రెండు దెబ్బల నడుమ పడుతుంది. దానికి చప్పట్లు కలపడం ముందు అలవాటు చేసుకోండి. కొనేటప్పుడు బి ఫ్లాట్, ఈ ఫ్లాట్, ఏ ఫ్లాట్ శ్రుతుల్లో మూడు వరుసలున్న పెట్టె అడగండి, అక్కడి వాద్యకారులు ఎక్కువగా వాడేది అదే.