పరిశ్రమల కట్టడాలకు భూకంప డిజైన్: భవనాల డిజైన్ వస్తే సరిపోతుందా?

ప్రశ్న: బీటెక్ సివిల్ చివరి ఏడాదిలో ఉన్నాను. పరిశ్రమల కట్టడాలు భూకంపాలను తట్టుకునేలా డిజైన్ చేయడంలోనే జీవితమంతా గడిపిన ఒక ఇంజనీరుకు జరిగిన సన్మానం గురించి చదివాను. ఆ రంగంలోకి వెళ్లాలని ఉంది. భవనాల డిజైన్ నేర్చుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. అది బాగా రావాలి, కానీ అక్కడ అలవాటైన కొన్ని ఊహలను ఇక్కడ వదిలేయాలి. భవనంలో గట్టి స్లాబు కాలమ్‌లన్నిటినీ కలిపి కదిలిస్తుందని లెక్క వేస్తాం. ప్రాసెస్ ప్లాంటులో చాలాచోట్ల స్లాబు బదులు ఇనుప గ్రేటింగ్, మధ్యలో పరికరాల కోసం పెద్ద ఖాళీలు ఉంటాయి. ఒక మూల నిండు వెస్సెల్ (ద్రవమో వాయువో ఉంచే పెద్ద ఇనుప పాత్ర), ఇంకో మూల ఏమీ ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో అలవాటుగా ‘రిజిడ్ డయాఫ్రమ్’ (అంతస్తంతా వంగని ఒకే పలకలా కదులుతుందన్న ఊహ) ఎంచుకుంటే అంతస్తు మట్టంలో ఐమూలగా పెట్టే అడ్డ బ్రేసింగ్‌లో రావలసిన బలం సున్నా అని చూపిస్తుంది. కొత్తవాళ్ల మోడల్‌లో నేనైతే ముందు వెతికే తప్పు ఇదే.

లక్ష్యం కూడా వేరు. ప్రాణాలు దక్కితే చాలదు, లీకవ్వకూడదు, ప్లాంటు త్వరగా మళ్లీ నడవాలి. 1999లో టర్కీలోని ఇజ్మిత్ రిఫైనరీలో 115 మీటర్ల కాంక్రీట్ చిమ్నీ కూలి పక్కనున్న క్రూడ్ యూనిట్ (ముడి చమురును శుద్ధి చేసే విభాగం) మీద పడింది, మంటలు లేచాయి. అంటే కట్టడం నిలుస్తుందా అన్నదే కాదు, పడితే దేనిమీద పడుతుందన్నదీ చూడాలి. పరిశ్రమల కోసమే రాసిన చిలీ కోడ్ ఎన్‌సీహెచ్ 2369 మీద నాకు ప్రత్యేక గౌరవం. కట్టడాన్ని పునాదికి బిగించే యాంకర్ బోల్టులు కనీసం 250 మిల్లీమీటర్లు, వ్యాసానికి 8 రెట్లకు తగ్గకుండా బయటికి కనబడాలంటుంది. పెద్ద కుదుపులో బోల్టు సాగి శక్తిని తీసుకుంటుంది, తర్వాత దాన్ని చూసి మళ్లీ బిగించవచ్చు. కాంక్రీటులో పూర్తిగా పాతేసిన బోల్టుకు ఆ వీలు లేదు.

ట్యాంకుల్లో ద్రవాన్ని రెండు భాగాలుగా చూస్తారు. కింది భాగం గోడతోపాటు కదులుతుంది, పైభాగం అలలా ఊగుతుంది. 20 మీటర్ల వ్యాసం, 10 మీటర్ల ద్రవం ఉంటే ఆ ఊగుకు ఒక ఆవర్తనం (ఒకసారి అటూ ఇటూ ఊగడానికి పట్టే సమయం) దాదాపు 4.8 సెకన్లు. అందుకే దూరాన పుట్టిన నెమ్మది కంపనాలు కూడా ప్రమాదమే. 2003లో జపాన్‌లోని తోమకొమాయ్‌లో భూకంప కేంద్రానికి చాలా దూరంగా ఉన్న ట్యాంకులు ఇలాగే ఊగి అంటుకున్నాయి. ఇక యాంకర్ బోల్టులు లేని ట్యాంకు అంచు పైకి లేచినప్పుడు బిగుసుకున్న పైపు నాజిల్ (ట్యాంకుకు పైపు కలిసే చోటు) దగ్గర చిరుగుతుంది. పైపు మొదటి సపోర్టును గోడకు దూరంగా పెట్టి, వంగే వీలు ఉంచాలి.

చదువులో స్ట్రక్చరల్ డైనమిక్స్, స్టీల్ కనెక్షన్లు, సాయిల్ డైనమిక్స్ తప్పనిసరి. కోడ్‌లలో మన భూకంప కోడ్ ఐఎస్ 1893 రెండో, నాలుగో భాగాలు, యూరప్ భూకంప కోడ్ యూరోకోడ్ 8 నాలుగో భాగం, చమురు ట్యాంకుల అమెరికా ప్రమాణం ఏపీఐ 650 అనుబంధం ఈ చదవండి. ప్రాజెక్టుకు పైప్ ర్యాక్ (పైపులను మోసే ఫ్రేము) గానీ ట్యాంకు గానీ తీసుకోండి. ముందు చేత్తో ద్రవ్యరాశి, ఆవర్తన కాలం, బేస్ షియర్ (పునాది దగ్గర వచ్చే మొత్తం అడ్డ బలం) లెక్కకట్టి, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్ తెరవండి. రెండిటికీ పెద్ద తేడా వస్తే కారణం దొరికేదాకా ముందుకు వెళ్లకండి.

ఉద్యోగంలో చేరాక మొదట్లో ఎక్కువగా చేతికొచ్చేది పరికరాల డ్రాయింగులు. ప్రతిదానికీ ఖాళీ బరువు, నడిచేటప్పటి బరువు, హైడ్రోటెస్ట్ (నీళ్లు నింపి చేసే పరీక్ష) బరువు విడిగా అడిగి రాయించుకోండి. భూకంప లెక్కలో నడిచేటప్పటి బరువు బదులు ఖాళీ బరువు వెళ్లిపోతే తర్వాత చేసిన లెక్కంతా వృథా.