ఎక్స్‌కామ్‌లో 90 శాతం గురి ఎందుకు తప్పుతోంది?

సైనికుల దళాన్ని గ్రహాంతర శత్రువుల మీద వంతులవారీగా నడిపించే ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్ గేమ్‌లో, తగిలే అవకాశం 90 శాతమని చూపించిన గురి తప్పి మీ స్నైపర్ చనిపోయాడనీ, సేవ్ తెరిచి మళ్లీ కాల్చినా అలాగే తప్పిందనీ రాశారు. గేమ్ మోసం చేయడం లేదండీ. 2012లో వచ్చిన ఈ గేమ్, గురి తగిలిందో లేదో తేల్చే యాదృచ్ఛిక సంఖ్యల వరుసను కూడా సేవ్‌లోనే దాచుకుంటుంది. అదే పనిని అదే క్రమంలో చేయిస్తే అదే ఫలితం వస్తుంది. ముందు ఇంకొకరితో కాల్పించి చూడండి, మారవచ్చు.

అసలు చిక్కు అది కాదు. 90 శాతం గురి వరుసగా ఐదుసార్లు తగిలే అవకాశం దాదాపు 59 శాతమే! కాబట్టి ఒక్క తూటా మీద మనిషి ప్రాణాన్ని పందెం కాయకండి. సగం చాటున ఉన్నవాడి మీద కాల్చే గురి 20 శాతం పాయింట్లు తగ్గుతుంది, పూర్తి చాటయితే 40. మీరు పక్కవైపు చేరి కాలిస్తే శత్రువు చాటు ఎందుకూ కొరగాదు. గ్రెనేడ్‌కయితే గురి తప్పడమన్నదే లేదు, పైగా చాటును కూడా పగలగొడుతుంది. గ్రెనేడ్‌తో చంపితే శత్రువు ఆయుధ శకలాలు దక్కవన్న పిసినారితనంతో నేను దాన్ని దాచుకునేవాణ్ని. అలా గ్రెనేడ్ వాడకపోవడం వల్లే మేజర్ హోదాకు ఎదిగిన నా సైనికురాలు పోయింది.

చావు శాశ్వతం కనుక ఎప్పుడూ దళంలోని అదే ఆరుగురిని నమ్ముకోకండి. ప్రతి మిషన్‌కూ ఒకరిద్దరు కొత్తవాళ్లను తీసుకెళ్లి, కొనఊపిరితో ఉన్న శత్రువును వాళ్లతో చంపించండి, త్వరగా ఎదుగుతారు. ఐరన్‌మ్యాన్ అనే ఆట పద్ధతి మాత్రం ఇప్పుడే వద్దు. అందులో ఉండేది ఒకే సేవ్, వెనక్కి వెళ్లే దారి లేదు.