పెంటపోగులో కవర్లు

ప్రశ్న: మాది గజపతినగరం దగ్గర పల్లెటూరు. వంటింటి చెత్తను ప్లాస్టిక్ కవర్లలో కట్టి పెంటపోగులో పడేయడం మా వీధిలో అందరికీ అలవాటైపోయింది. వేసవిలో పెంట తోలినప్పుడు ఆ కవర్లు కూడా పొలానికి చేరుతున్నాయి. కొన్నాళ్లకు మట్టిలో కలిసిపోతాయని కొందరు, ఏరి తగలబెడితే చాలునని కొందరు అంటున్నారు. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: రెండూ నిజం కావు. పేడ, గడ్డి, కూరగాయల తొక్కలు ఎరువుగా మారేది మట్టిలోని సూక్ష్మజీవులు వాటిని ఆహారంగా తీసుకోవడం వల్లనే. కవరు తయారయ్యే పాలిథిన్ పెట్రోలియం నుంచో సహజవాయువు నుంచో వచ్చిన పదార్థం. దాని పొడవైన అణువుల గొలుసులను తెంచుకుని తినడం ఆ జీవులకు దాదాపు సాధ్యం కాదు. ఎండ తగిలితే కవరు పెళుసుబారి ముక్కలవుతుంది, మట్టిలో పూడితే ఎండ కూడా తగలక మరింత కాలం అలాగే ఉంటుంది. దుక్కిలో, దమ్ములో చిరిగిన ముక్కలు ఏటేటా పేరుకుని వేరు దిగవలసిన చోట, నీరు ఇంకవలసిన చోట అడ్డుపడతాయి. మరీ చిన్నవైన తరువాత వాటిని ఏరడం ఎవరి తరమూ కాదు.

తగలబెట్టడం ఇంకా ప్రమాదకరం. పెరటి మంటలో పాలిథిన్ పూర్తిగా కాలదు. మసి, కార్బన్ మోనాక్సైడ్ వెలువడి పక్కనున్న పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ చెత్తలో పీవీసీ (పైపులు, వైర్ల తొడుగులు చేసే ప్లాస్టిక్) ముక్కలుంటే డయాక్సిన్లనే విషాలు పుట్టి, గడ్డి మీద వాలి, దానిని మేసిన పశువు పాలలోకి కూడా చేరగలవు.

మీరు అడగకపోయినా పశువుల సంగతి చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ అలవాటుకు మొదట బలయ్యేది అవే. ఆవు మేతను పెదవులతో ఏరుకోదు, నాలుకతో చుట్టి లాక్కుంటుంది. అన్నం, ఉప్పు వాసనకు వచ్చి, ముడి వేసిన కవరును లోపలి తిండితో సహా మింగేస్తుంది. తిండి అరుగుతుంది గానీ కవరు ఆవు పొట్టలోని నాలుగు గదుల్లో మొదటిదానిలోనే ఉండిపోయి, ఒకదానికొకటి చుట్టుకుని ముద్దగా మారుతుంది. పొట్ట నిండినట్టుండి మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి, పశువు చిక్కిపోతుంది. ముద్ద పెద్దదైతే పశువైద్యుడు డొక్క కోసి తీయడం తప్ప మార్గం ఉండదు.

120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పలుచని ప్లాస్టిక్ సంచులను 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధించారు. అంతకంటే మందపువి చట్టబద్ధమే అయినా పొలంలో కుళ్లవు. గుడ్డలా కనిపించే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ సంచులూ అంతే. గోగు నార పండించి, నెల్లిమర్లలో గోనె నేసిన జిల్లా మీది. సంతకు నార సంచి పట్టుకెళ్లడం ఇక్కడ కొత్తగా నేర్పవలసిన విద్య కాదు.

తడిచెత్తను ఎందులోనూ కట్టకుండా బకెట్టుతో తీసుకెళ్లి పెంటపోగులో కుమ్మరించండి. ఇప్పటికే ఉన్న కవర్లను, పెంట ఎండి పొడిగా ఉన్నప్పుడు, బండికెత్తే ముందే ఏరి, దులిపి, పంచాయతీ చెత్తబండికి విడిగా ఇవ్వండి. వానలు పడే దాకా ఆగితే అవి గెడ్డలో (వాగులో) పడి, చంపావతి నది మీదుగా కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఏరే వీలు మీ పెరట్లోనే ఉంది.