టికెట్ ముందే కొన్నాను, మెషీన్ ఇవ్వలేదు, రైల్లో పెనాల్టీ ఫేర్ రాశారు. కట్టాల్సిందేనా?

ఇప్పుడే కట్టేయకండి, ముందు అప్పీల్ చేయండి.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చేస్తున్నారు. ఆన్‌లైన్‌లో టికెట్ కొన్నారు, స్టేషన్‌లో మెషీన్ దగ్గర ప్రింట్ తీసుకోవాలి, అది పనిచేయలేదు. మధ్యలో ఒకచోట రైలు మారారు. రెండో రైల్లో కన్ఫర్మేషన్ మెయిల్ చూపిస్తే చెల్లదని పెనాల్టీ ఫేర్ నోటీసు, అంటే చెల్లే టికెట్ లేనందుకు అదనంగా కట్టమనే కాగితం, చేతిలో పెట్టారు. డబ్బు గురించి ఒక టెన్షన్, వీసా మీద ఏమైనా పడుతుందేమోనని ఇంకో టెన్షన్. 2024 జూన్‌లో నాకూ దాదాపు ఇదే జరిగింది. మొదటి అప్పీల్ ఓడిపోయాను, రెండోది గెలిచాను. ఓడిన ఉత్తరానికీ గెలిచిన ఉత్తరానికీ తేడా ఏమిటో మీకు ముందే తెలిస్తే ఒక నెల మనశ్శాంతి మిగులుతుంది.

అమ్మ మొదటిసారి ఇక్కడికి వస్తున్న రోజది. హైదరాబాద్ నుంచి దోహా మీదుగా ఒంటరిగా వస్తోంది, ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఎయిర్‌పోర్టుకి రైలు టికెట్ వారం ముందే కొనిపెట్టుకున్నాను. నేను ఎక్కే స్టేషన్ చాలా చిన్నది, ఒక కౌంటర్, ఒకే ఒక్క మెషీన్. కౌంటర్ మధ్యాహ్నం ఒంటిగంటకే మూసేస్తారు, నేను వెళ్లేసరికి రెండు దాటింది. మెషీన్‌లో కార్డు పెట్టి, ఎనిమిది అక్షరాల రిఫరెన్స్ కొట్టాను. చక్రం తిరిగింది, తిరిగింది, ఆ తర్వాత తెర నల్లబడి మధ్యలో ‘అవుట్ ఆఫ్ సర్వీస్’ అని వచ్చింది. కార్డు మాత్రం బయటికొచ్చింది, అదే పదివేలు అనుకున్నాను. ఆ తెర ఫోటో తీసి ఇంటి దగ్గరున్న తమ్ముడికి వాట్సాప్ చేశాను: ‘నేను లేటవుతానేమో, అమ్మ ఫోన్ చేస్తే అక్కడే కూర్చోమను’. టైం 2:14. ఆ ఫోటో సాక్ష్యానికి పనికొస్తుందని అప్పుడు నాకు తట్టనే లేదు.

ప్లాట్‌ఫాం మీద హెల్ప్ పాయింట్ బటన్ నొక్కితే ఒకాయన పలికి, ఎక్కేయండి, రైల్లో స్టాఫ్‌కి చెప్పండి అన్నాడు. పేరు అడగలేదు, అది నా పొరపాటు. రైలు కిక్కిరిసి ఉంది, తలుపు దగ్గర నిలబడటానికే చోటు లేదు. స్టాఫ్ ఎక్కడున్నారో వెతికేలోపు ఇన్‌స్పెక్టరే వచ్చారు. నేను చెప్పినదంతా మర్యాదగానే విన్నారు, ఫోన్‌లో మెయిల్ చూశారు, ‘ఇది కొన్నట్టు రసీదు, టికెట్ కాదు’ అని నోటీసు రాశారు.

మనవాళ్లు ఇక్కడ దెబ్బతినడానికి కారణం ఉంది. ఐఆర్‌సీటీసీలో బుక్ చేస్తే మెసేజ్, దాంతోపాటు ఒరిజినల్ ఐడీ చూపిస్తే చాలు, సీటు మనదే. ఇక్కడ స్టేషన్‌లో తీసుకునే టికెట్ అయితే ఆ కాగితం చేతిలోకి వస్తేనే టికెట్. మెయిల్‌లో కూడా అదే మాట రాసి ఉంటుంది, మనం చదవం. బార్‌కోడ్ ఉన్న ఈ-టికెట్ అయితే ఫోన్‌లో చూపించొచ్చు, మీది అది కాదు కాబట్టి ఆ వాదన వదిలేయండి.

ఇక లెక్క. 2023 జనవరి 23 నుంచి ఇంగ్లండ్‌లో పెనాల్టీ ఫేర్ అంటే 100 పౌండ్లు, దానిమీద ఆ ప్రయాణానికి పూర్తి సింగిల్ (ఒకవైపు) ఛార్జీ. 21 రోజుల్లోపు కడితే 100 కాస్తా 50 అవుతుంది. అందుకే చాలామంది భయపడి ఆ సగం కట్టేసి చేతులు దులుపుకుంటారు. కానీ అప్పీల్‌కి కూడా అవే 21 రోజులు, నోటీసు ఇచ్చిన మర్నాటి నుంచి లెక్క. అప్పీల్ నడుస్తున్నన్నాళ్లూ కట్టాల్సిన గడువు ఆగుతుంది. మొత్తం మూడు మెట్లున్నాయి. మొదటిది కాదంటే 14 రోజుల్లో రెండోదానికి వెళ్లాలి. దాన్ని మొదటిసారి చూసినవాళ్లు కాకుండా వేరేవాళ్లు చూస్తారు. అదీ కాదంటే మూడోది ముగ్గురు సభ్యుల ప్యానెల్ ముందుకు వెళ్తుంది. దేనికీ ఫీజు లేదు.

నా మొదటి అప్పీల్ ఆ రాత్రే రాశాను. అమ్మ జెట్ లాగ్‌తో నిద్రపోతోంది, నేను వంటింట్లో కూర్చుని రెండు పేజీలు నింపాను. డబ్బులు ముందే కట్టాను కదా, ఎగ్గొట్టే ఉద్దేశం ఉంటే వారం ముందు ఎందుకు కొంటాను, బ్యాంక్ స్టేట్‌మెంట్ చూడండి, అమ్మ ఎయిర్‌పోర్టులో గంటసేపు ఒక్కతే కూర్చుంది. అన్నీ నిజాలే. రెండు వారాలకి జవాబొచ్చింది: మీరు చెల్లించారన్న విషయాన్ని మేము కాదనడం లేదు, ప్రయాణ సమయంలో చెల్లుబాటయ్యే టికెట్ చూపించలేదు కాబట్టి నోటీసు సరైనదే. చదివినప్పుడు ఒళ్లు మండింది. రెండోరోజు నెమ్మదిగా చదివితే తెలిసింది, వాళ్లు అడగని ప్రశ్నకి నేను రెండు పేజీల జవాబు రాశానని. డబ్బు కట్టారా లేదా అన్నది వాళ్ల ప్రశ్న కాదు. రైలెక్కేముందు టికెట్ తీసుకునే వీలు ఆ స్టేషన్‌లో ఉందా లేదా, అదొక్కటే ప్రశ్న.

అప్పుడు నియమాలు తీసి చదివాను. ఎక్కిన స్టేషన్‌లో ఆ సమయానికి టికెట్ ఇచ్చే సదుపాయం లేకపోతే పెనాల్టీ ఫేర్ వేయకూడదని 2018 నాటి పెనాల్టీ ఫేర్స్ రెగ్యులేషన్స్‌లోనే ఉంది. అప్పీల్‌కి వాళ్లు ఒప్పుకునే కారణాలు కూడా అందులోనే ఉన్నాయి. నోటీసు నియమాల ప్రకారం వేయలేదు అనేది ఒకటి. ఈ ప్రత్యేక పరిస్థితుల్లో కట్టించకూడదనడానికి బలమైన కారణాలున్నాయి అనేది ఇంకొకటి. మీరు ఈ రెండూ పెట్టండి, ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు. ఎందుకంటే ఆ నియమంలో మాట టికెట్ ‘అమ్మకం’ గురించి ఉంది, మనది అప్పటికే కొన్న టికెట్ తీసుకోవడం. ఎవరైనా ఆ మాట పట్టుకుని మెలిక పెడితే రెండో కారణం మిమ్మల్ని కాపాడుతుంది.

రెండో అప్పీల్ అరపేజీ. అమ్మ సంగతి తీసేశాను, కోపం తీసేశాను. వరసగా ఇంతే: ఫలానా స్టేషన్, ఫలానా తేదీ, 2:14కి ఉన్న ఒకే మెషీన్ ఆగిపోయింది, ఫోటో జతచేశాను. కౌంటర్ ఒంటిగంటకే మూసేశారు, మీ వెబ్‌సైట్‌లో ఉన్న పనివేళలు జతచేశాను. 2:17కి హెల్ప్ పాయింట్‌లో మాట్లాడాను, ఎక్కమని మీ సిబ్బందే చెప్పారు, ఆ కాల్ రికార్డు, మెషీన్ ఫాల్ట్ రికార్డు మీ దగ్గరే ఉంటాయి, దయచేసి పరిశీలించండి. టికెట్ కొన్న అకౌంట్‌లో ఇప్పటికీ ‘తీసుకోలేదు’ అనే ఉంది, స్క్రీన్‌షాట్ జతచేశాను. నేరుగా వెళ్లే రైలు, మధ్యలో దిగి తీసుకునే అవకాశం లేదు.

పంపేముందు ఆ ఫోటోని పెద్దది చేసి చూస్తే మెషీన్ గాజులో నా భుజం పక్కన కౌంటర్ షట్టర్ కనిపించింది, కిందిదాకా దించి ఉంది. మెషీన్ పాడైందనీ కౌంటర్ మూసి ఉందనీ ఒక్క ఫోటోలోనే రుజువైపోయింది. ఆ భాగం కత్తిరించి విడిగా కూడా పెట్టాను. మూడు వారాల తర్వాత నోటీసు రద్దు చేశామని రెండు లైన్ల మెయిల్ వచ్చింది.

మీ కేసులో నన్ను ఆలోచింపజేస్తున్నది మీరు రైలు మారడం. మొదటి స్టేషన్‌లో వీలు కాకపోతే మారే స్టేషన్‌లో వీలున్నప్పుడు తీసుకోవాలి అన్నది ఇక్కడి పద్ధతి. మీ నోటీసు రెండో రైల్లో రాశారు కాబట్టి వాళ్లు తప్పకుండా ఇది పట్టుకుంటారు. అందుకని వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే రాయండి: మొదటి రైలు ఎన్నింటికి చేరింది, రెండోది ఎన్నింటికి బయల్దేరింది, ఏ ప్లాట్‌ఫాం నుంచి ఏ ప్లాట్‌ఫాంకి వెళ్లారు, మధ్యలో ఎన్ని నిమిషాలున్నాయి. ఆరోజు మొదటి రైలు ఆలస్యమైందా అన్నది తప్పకుండా వెతకండి, పాత రోజుల రాకపోకల సమయాలు చూపించే సైట్లున్నాయి. నాలుగైదు నిమిషాలే ఉంటే మీ మాటకి బలం ఉంటుంది. అరగంట ఉండి, అక్కడ మెషీన్లు పనిచేస్తూ ఉంటే మాత్రం కష్టం, మీకు అబద్ధపు ధైర్యం చెప్పలేను. అలాగే మొదటి స్టేషన్‌లో ఇంకో మెషీన్ ఉందా, కౌంటర్ తెరిచి ఉందా అన్నది కూడా నిజాయితీగా చూసుకోండి.

ఫోటో తీయలేదని రాశారు, దాంతోనే అంతా పోయినట్టు కాదు. ఆ సమయంలో ఎవరికైనా మెసేజ్ పెట్టారా, ఫోన్ చేశారా, కంపెనీ చాట్‌లో ఏమైనా అడిగారా వెతకండి. మీ వ్యక్తిగత వివరాలున్న రికార్డులు ఇవ్వమని డేటా చట్టం కింద అడిగే హక్కు మీకుంది, వాళ్లు నెలలోపు జవాబివ్వాలి. మీ 21 రోజులు ఆ నెల కోసం ఆగవు, కాబట్టి జవాబు కోసం ఎదురుచూడకుండా అప్పీల్ పంపేసి, రికార్డులు అడిగానని అందులోనే రాయండి.

వీసా సంగతి. పెనాల్టీ ఫేర్ నేరం కాదు, కోర్టు శిక్ష కాదు, క్రిమినల్ రికార్డు పడదు. ఈ విషయం మా ఫ్లాట్‌లో ఎవరికీ తెలియక ఆ వారం నన్ను ఎంత భయపెట్టారో! అయితే మీ చేతిలో ఉన్న కాగితం నిజంగా పెనాల్టీ ఫేర్ నోటీసేనా అన్నది పైన ఉన్న పేరు చూసి నిర్ధారించుకోండి. ‘అన్‌పెయిడ్ ఫేర్ నోటీస్’ అని ఉంటే అది వేరు, మూడు మెట్ల అప్పీల్ దానికి వర్తించదు, కాగితం వెనక రాసిన దారిలోనే వెళ్లాలి. ఇన్‌స్పెక్టర్ మీరు చెప్పినవి రాసుకుని, ప్రాసిక్యూషన్ (కోర్టు కేసు) గురించి ఉత్తరం వస్తుందని చెప్పి ఉంటే అది ఇంకా వేరు, అప్పుడు యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్‌లో ఉచిత సలహా ఇచ్చేవాళ్ల దగ్గరికి అదే రోజు వెళ్లండి. లండన్ ట్యూబ్‌లో (అక్కడి మెట్రోలో) వేసే పెనాల్టీలకి కూడా అప్పీల్ దారి వేరు. ఏ కాగితమైనా సొరుగులో పడేసి మర్చిపోవడం మాత్రం అన్నిటికంటే ప్రమాదం.

అప్పీల్‌లో రాసే ప్రతి మాటా నిజమే అయి ఉండాలి. గుర్తులేని సమయాన్ని కచ్చితంగా రాయకండి, ‘సుమారు’ అనండి. వాళ్ల మెషీన్ రికార్డుతో మీ టైం సరిపోలకపోతే మిగతా నిజాలు కూడా అనుమానంగా కనిపిస్తాయి.

ముందు నోటీసు మీది తేదీ చూసి 21 రోజులు ఎప్పటితో అయిపోతాయో లెక్కపెట్టండి. మారిన స్టేషన్‌లో ఎన్ని నిమిషాలు దొరికాయో కింద రాయండి. మీ పేరు, నోటీసు నంబరు తీసేసి డ్రాఫ్ట్ ఇక్కడ పెడితే ఈ రాత్రే చదివి ఎక్కడెక్కడ కత్తిరించాలో చెబుతాను.