కొచ్చుపుస్తకాల కోసం కేరళ వెళ్తున్న మేనకోడలికి

చిట్టీ,

కొచ్చుపుస్తకాల మీద, అదే ఆ మలయాళం బూతుకథల పుస్తకాల మీద, పీహెచ్‌డీ చేయడానికి కేరళ వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "పెళ్లి సంబంధాల వాళ్లు అడిగితే ఏం చెప్పాలన్నయ్యా?" అని ఒకటే గోల. నాకు నవ్వొచ్చింది, గర్వంగానూ అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మలయాళం చదవడం ముందే నేర్చుకో. లైబ్రరీల్లో వెతక్కు, పాత పేపర్ల కొట్లకి వెళ్లు. యూనివర్సిటీ ఉత్తరం బ్యాగులోనే ఉంచుకో. అశ్లీల పుస్తకాలు అమ్మితే పాత ఐపీసీ 292 సెక్షన్ కింద కేసు పెట్టేవారు. చదువు కోసమైతే మినహాయింపు ఉంది, కానీ ఆ సంగతి ఎస్సైకి గుర్తుండాలిగా! పైంకిళి అనే ప్రేమనవలల్నీ కొచ్చుపుస్తకాల్నీ ఒకే గాటన కట్టకు. 1955 నాటి ముట్టత్తు వర్కి నవల 'పాడాత్త పైంకిళి'తో వచ్చిన పేరు అది. ఆ ప్రేమకథలు కొట్టాయం వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చేవి, ఇంటిల్లిపాదీ చదివేవారు. కొచ్చుపుస్తకం అంటే 'చిన్న పుస్తకం', అంతే. దాని చోటు పరుపు కింద. ఇప్పుడు ఫోన్లోకెక్కి 'కంబికథ' అయింది. కంబి అంటే మన కమ్మేనే పిచ్చిదానా, విడమరిచి చెప్పలేను.

అసలు భయం వేరే. 1983లో కేరళలోని షోరనూర్‌లో రైల్వే గూడ్స్ క్లర్కుగా ఉన్నప్పుడు నా గదిలో ఒక కంపోజిటర్, అంటే ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాడు, ఉండేవాడు. ప్రెస్సులో పాడైపోయిన శుభలేఖల వెనక, రాత్రిళ్లు లాంతరు తగ్గించుకుని రాసేవాడు. ఒకవైపు వధూవరుల పేర్లు, రెండోవైపు ఆ కథ! చెల్లెలి నర్సింగ్ ఫీజు ఆ డబ్బుతోనే కట్టేవాడు. పుస్తకం మీద పేరు ఉండదు, ఉన్నా దొంగపేరే.

ఒకరోజు టీకొట్టులో నలుగురూ ఓ పుస్తకం చుట్టూ మూగి ఇకిలిస్తున్నారు. నాకు గొప్ప కావాల్సొచ్చింది. "ఇది రాసింది మా రూమ్మేటే" అనేశాను. సాయంత్రానికి ప్రెస్సుకి తెలిసింది. వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. చొక్కాలు మడతపెట్టుకుని, తన వంతు కిరసనాయిలు డబ్బులు కిటికీలో పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ కనపడలేదు. ఆ చెల్లెలి చదువు ఏమైందో ఈరోజుకీ తెలీదు.

అందుకే చెప్తున్నా, ఎవరు రాశారని అడగొద్దు. తెలిసినా థీసిస్‌లో పెట్టొద్దు. మీ గైడు ఒత్తిడి చేస్తే నాతో మాట్లాడించు, ముసలాడి నోరేంటో చూస్తాడు. నువ్వసలే పొద్దున విన్నది సాయంత్రానికి ఊరంతా చెప్పే రకం, అచ్చం నాలాగే.

వేళకి తిను. అక్కడి లావు బియ్యం రెండ్రోజుల్లో అలవాటవుతుంది.

ఇంకోటి. తను రాసిన ఓ కథలో తెలుగు గూడ్స్ క్లర్కు ఒకడు కథానాయకుడని, వాడికి నా పేరే పెట్టాడని ఆ కంపోజిటర్ ఓసారి నవ్వుతూ చెప్పాడు. ఆ పుస్తకం కనపడితే పంపించు. నువ్వు చదవకు. మీ అత్తకి చెప్పకు.

మీ మావయ్య