దారిలో బ్రేకులు మార్పించుకున్నవారికి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. శాన్ హోసే నుంచి లాస్ ఏంజలెస్ వెళ్తూ ఐ-5 రహదారి పక్కన ఆయిలు మార్పించడానికి ఆగారు. షాపులో చక్రాలు విప్పి చూసి బ్రేకులు అరిగిపోయాయన్నారు. ఎదురుగా నాలుగు వేల అడుగులు దాటిన టెహోన్ కనుమ, వెనుక సీట్లో పిల్లలు. 1,400 డాలర్లు కట్టి బయటపడ్డారు. ఊరికి తిరిగి వచ్చాక తెలిసినవాళ్లు సగానికే అయ్యేదన్నారు. ఇది మోసమేనా అని మీ ప్రశ్న.

కావచ్చు, కాకపోవచ్చు. కొత్త బ్రేకు ప్యాడ్ సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చక తప్పదు. మీవి ఎంత మిగిలాయో మీరు అడగలేదు, వాళ్లు చెప్పలేదు. బెండకాయ తుంచి చూసిగాని కొనని మనం, ఈ దేశంలో కౌంటరు ముందు నిలబడగానే వెయ్యి డాలర్ల పనికి తల ఊపేస్తాం. మన ఇంగ్లిషుకు నవ్వుతారేమోనని భయం. నవ్వనివ్వండి, నవ్వుకు బిల్లు వేయరు.

నేనూ అలా తల ఊపినవాడినే. వచ్చిన కొత్తలో పాత కారు ఒకటి కొన్నాను. అదే రహదారి మీద పెట్రోలు పోయించుకుని బయలుదేరిన కాసేపటికి ఇంజను లైటు వెలిగింది. బండి నడకలో తేడా ఏమీ లేదు. అయినా భయపడి తర్వాతి ఊళ్లో దిగి కనిపించిన మొదటి షాపుకు పోయాను. ‘ఏది అవసరమైతే అది చేయండి’ అన్నాను. ఈ వాక్యం ఖరీదు నాకు సాయంత్రం తెలిసింది. ధర రాయాల్సిన చోటు ఖాళీగా ఉన్న కాగితం మీద సంతకం పెట్టి, తాళం చెవి ఇచ్చి, ఎదురుగా ఉన్న కాఫీ దుకాణంలో కూర్చున్నాను. తిరిగి వెళ్లేసరికి ఆక్సిజన్ సెన్సరు, స్పార్కు ప్లగ్గులు, ఇంజను లోపల కడగడం, దేనికో తెలియని ‘షాపు సామగ్రి’ రుసుము, అన్నీ కలిపి నా నెల అద్దెను మించిన బిల్లు. డెబిట్ కార్డు గీశాను. ఖాతాలో మిగిలినదాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రూపాయల్లో లెక్క వేసుకోవడం మానుకోమని ఇక్కడ అందరూ హితవు చెబుతారు. నేను ఇప్పటికీ మానలేదు. మీరూ మానకండి, చేతిని అదొక్కటే పట్టి ఆపుతుంది.

కొన్నాళ్లకు ఆ లైటు మళ్లీ వెలిగింది. ఈసారి ఇంటి దగ్గరి మెకానిక్కు చూపిస్తే పెట్రోలు ట్యాంకు మూత తిప్పి చూశాడు. దాని రబ్బరు వాషరు పగిలి ఉంది. ట్యాంకులోని ఆవిరి బయటకు పోతుంటే కారు కంప్యూటర్ దాన్ని పసిగట్టి లైటు వెలిగిస్తుంది. కొత్త మూతకు పదిహేను డాలర్లు కూడా కాలేదు. ఆ తర్వాత నా కార్ల మరమ్మతుల్లో నేను చూడకుండా, అడగకుండా ఒక్క నట్టు కూడా మారలేదు. మా వీధిలో సగం మంది బండి షాపులో వదిలే ముందు ఇప్పుడు నాకు ఫోను చేస్తారు, అది వేరే సంగతి.

అందుకే చెబుతున్నాను, డబ్బు పోయేది బిల్లు కట్టేటప్పుడని మీరు అనుకుంటున్నారు. అది తాళం చెవి ఇచ్చేటప్పుడే పోతుంది. కౌంటరు దగ్గర మొదటి మాటగా ‘ముందు కారణం కనుక్కోండి, దానికెంతో చెప్పండి, నేను సరేననేదాకా ఏదీ మార్చకండి’ అనండి. కారణం కనుక్కోవడానికీ రుసుము తీసుకుంటారు, అది న్యాయమే. పాత సామాన్లు నాకు తిరిగి ఇవ్వాలని మీరు సంతకం పెట్టే కాగితం మీదే రాయించండి. పని అయ్యాక అడిగితే చెత్తబుట్టలోకి పోయాయంటారు.

ఇంకొకటి, 1996 నుంచి అమెరికాలో అమ్మిన కార్లకు స్టీరింగు కింద ఒక సాకెట్ ఉంటుంది. దానికి తగిలించి లోపం కోడ్ చదివే పరికరం ముప్పై డాలర్లలోపే దొరుకుతుంది. విడిభాగాల దుకాణాల్లో కొన్నిచోట్ల ఉచితంగానే చదివి చెబుతారు. ఇంజను లైటు నిలకడగా వెలిగి బండి మామూలుగా నడుస్తుంటే సాధారణంగా ఇంటిదాకా రావచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం పక్కకు ఆపి టో బండిని పిలవండి. అలాగే నడిపితే పొగను శుద్ధి చేసే కెటాలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది, దాని ధర వింటే బ్రేకుల బిల్లు చౌకగా తోస్తుంది. డీలరు దగ్గర కాకుండా బయట చేయిస్తే వారంటీ పోతుందని ఎవరైనా బెదిరిస్తే, అలాంటి షరతు చెల్లదనే 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం పేరు చెప్పి చూడండి.

ఇక మీ డబ్బు సంగతి. కాలిఫోర్నియాలో పని మొదలుపెట్టకముందే షాపు రాతపూర్వకంగా అంచనా ఇవ్వాలి. మీ అనుమతి లేకుండా అంతకు మించి వసూలు చేయకూడదు. మిగతా నిబంధనలు రాష్ట్ర ఆటోమోటివ్ రిపేర్ బ్యూరో వెబ్‌సైటులో ఉన్నాయి, చదువుకోండి. అంచనా కాగితాన్నీ బిల్లునూ పక్కపక్కన పెట్టి చూడండి. మీరు ఒప్పుకోని పని ఒక్కటి ఉన్నా ముందు షాపు మేనేజరుకు ఫోను చేసి, మాట్లాడినదంతా అదే రోజు ఈమెయిలులో పెట్టండి. కదలిక లేకపోతే బ్యూరోకు ఫిర్యాదు చేయండి. వాళ్లు రుసుము లేకుండా మధ్యవర్తిత్వం చేస్తారు. అదీ తేలకపోతే చిన్న మొత్తాల కోర్టు ఉంది, లాయరు అక్కర్లేదు. కాగితం మీద అన్నిటికీ మీ సంతకం ఉండి, ప్యాడ్లు నిజంగానే అరిగి ఉంటే మాత్రం రోడ్డు పక్క ధర కట్టామనుకుని ఊరుకోండి. ఎక్కువ ధర తీసుకున్నంత మాత్రాన అది నేరం కాదు.

అన్నీ రాశారుగానీ ఏ కార్డుతో కట్టారో రాయలేదు. క్రెడిట్ కార్డయితే, షాపుతో తేల్చుకోవడానికి ప్రయత్నించాక, పని నాణ్యత మీద బ్యాంకుతో వాదించే హక్కు చట్టంలో ఉంది. షాపు మీ రాష్ట్రంలోనే ఉంది కాబట్టి మీకది వర్తిస్తుంది. కానీ ఆ హక్కు కార్డులో ఇంకా తీర్చని మొత్తానికే. కాబట్టి ఈ నెల బాకీ కట్టే ముందే బ్యాంకుకు రాయండి. డెబిట్ కార్డయితే ఆ దారి మూసుకుపోయినట్టే, ఈరోజే మేనేజరుకు ఫోను చేయండి.